ఒళ్లు చేసిన అక్షరం

ఆ ఆదివారం పొద్దున్న వీరబ్రహ్మం పెట్టుకున్న పని ఒక్కటే. ఇస్త్రీ చొక్కా వేసుకుని సామర్లకోట మార్కెట్ యార్డుకి వెళ్లడం, గేటుకి అంటించిన పోస్టర్ పక్కన ఏమీ ఎరగనట్టు నిలబడడం, జనం దాన్ని చదువుతుంటే కళ్లారా చూసుకోవడం.

పదిహేనేళ్లు గోడల మీదా షట్టర్ల మీదా అక్షరాలు రాసిన చెయ్యి అది. కంప్యూటర్లు వచ్చి కుంచెకి పని తగ్గాక హరిబాబు ప్రెస్సులో చేరి, ఆర్నెల్లు మౌసుతో కుస్తీ పట్టి, సొంతంగా ఒక ఫాంట్ తయారుచేశాడు. పరిగెత్తే బస్సులోంచి చూసినా కనబడాలని ప్రతి అక్షరాన్నీ మేపి మేపి లావు చేశాడు. దానికి భీమ అని పేరు పెట్టాడు. హరిబాబుకి మాత్రం గురి కుదరలేదు.

"బ్రహ్మంగారూ, రైతు సంఘం వాళ్ల పోస్టర్ ఒక్కటీ దీంతో వేద్దాం. వాళ్లకి నచ్చితే ఇక మన ప్రెస్సులో పెద్దక్షరాలన్నీ ఇవే. మాటొచ్చిందా, సోమవారం కంప్యూటర్లోంచి తీసేస్తానండి" అని ముందే చెప్పేశాడు. ఆర్నెల్ల కష్టం ఒక్క పోస్టర్ మీద వేలాడుతోంది.

వీరబ్రహ్మం చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింట్లోకి తొంగిచూస్తే, భార్య సత్యకుమారి పనసపొట్టు కూరలో ఆవ కలుపుతోంది.

"పొద్దున్నే ఇంత వంటేంటి?"

"మీ పోస్టర్ చూసేనండి. ఊరందరికీ అంతంత అక్షరాల్లో రాసి, ఇంట్లో ఒక్క మాట చెప్పరేంటి?"

పెళ్లయిన పన్నెండేళ్లలో తన అక్షరాలకి భార్య చేస్తున్న మొదటి సన్మానం అనుకుని అతను మురిసిపోయాడు. ఆమె కూడా యార్డుకి వస్తాననేసరికి ఆ మురిపెం రెట్టింపైంది.

యార్డులో షామియానా కింద ముప్పై మందికి పైగా ఆడవాళ్లు క్యారియర్లతో కూర్చుని ఉన్నారు. ఓ మూల ముగ్గురు రైతులు వరి కంకులు పట్టుకుని, తప్పిపోయి వచ్చినవాళ్లలా బిక్కుబిక్కుమంటున్నారు. ఇంటావిడలు రైతులకి భోజనాలు తెచ్చారు కాబోలు, ఏర్పాట్లు ఘనంగానే ఉన్నాయి అనుకున్నాడు వీరబ్రహ్మం.

ఇంతలో జ్ఞానమ్మ అనే ఆవిడ లేచి, సంఘం అధ్యక్షుడు సత్తిరాజుగారిని నిలదీసింది.

"పురుగు లేని వంటకే బహుమతా? మా వంటల్లో పురుగులుంటాయని ఎవరండీ మీకు చెప్పింది?"

"వంటలేంటమ్మా? ఇది పంటల పోటీ!"

"మరి అక్కడ 'వంటల పోటీ, మీ వంట తీసుకురండి' అని రాసుందిగా అండి!"

అందరూ పోస్టర్ వైపు తిరిగారు. అన్నాళ్లూ దాన్ని చూసి మురిసిపోయిన వీరబ్రహ్మం మొదటిసారి చదివాడు. 'ప' మీద తలకట్టుకీ, కింది అక్షరానికీ మధ్య కాస్త సందు ఉండాలి. కండ పట్టించే సరదాలో అది పూడిపోయింది. సందు పూడిన 'ప'ని ఎవరైనా 'వ' అనే చదువుతారు. పోస్టర్లో ఉన్న పంటలన్నీ వంటలైపోయాయి. పురుగుని మాత్రం అందరూ సరిగ్గానే చదివారు.

వీరబ్రహ్మం దాక్కోలేదు.

"తప్పు నాదేనండి. అక్షరం ఒళ్లు చేసింది."

"ఒళ్లు చేసిందా? కాకినాడ నుంచి వ్యవసాయాఫీసరుగారిని పిలిపించానయ్యా! ఇప్పుడు ఆయనకి మూడు కంకులు చూపించనా?" సత్తిరాజుగారు అరిచారు. వెనక నుంచి హరిబాబు, "రేపటిదాకా ఎందుకండీ, ఇప్పుడే వెళ్లి తీసేస్తాను" అన్నాడు. వీరబ్రహ్మానికి ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడే యార్డులో అడుగుపెట్టిన ఆఫీసరు అనిల్ కుమార్ పొద్దున్న టిఫిన్ చెయ్యకుండా బస్సెక్కిన మనిషి. ఆయన చూపు క్యారియర్ల మీదే ఉంది. అది జ్ఞానమ్మ కనిపెట్టింది.

"వంట మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుందండీ, పంటలోంచి కాదా? ఈ బెండకాయలు మా పెరట్లోవి. పురుగుంటే చూపించండి."

ఆయన తిన్నాడు. పురుగు కనబడలేదు. మళ్లీ పెట్టించుకుని వెతికాడు.

"ఈ అక్షరాలకి పేరేదైనా ఉందాండీ?" అని అడిగాడు తింటూనే.

"భీమ అండి" అన్నాడు వీరబ్రహ్మం, తల దించుకుని.

"ఇంకేం! విరాటుడి కొలువులో వంట చేసింది ఆయనేగా!" ఆఫీసరు నవ్వి, సత్తిరాజుగారితో, "సొంతంగా పండించుకుని వండినవాళ్లంతా పోటీలో ఉన్నట్టేనండి" అని తేల్చేశాడు.

లెక్క చూస్తే పద్నాలుగు మంది తేలారు. పోయినేడు వచ్చింది ఇద్దరే. మొదటి బహుమతిగా పెట్టిన పురుగుమందు కొట్టే మిషన్ జ్ఞానమ్మకి దక్కింది. సత్తిరాజుగారి మొహం కళకళలాడింది.

"బ్రహ్మంగారూ, వచ్చే ఏడు కూడా ఇవే అక్షరాలండి."

"ఈసారి 'ప'కి సందు పెట్టి ఇస్తానండి."

"ముట్టుకున్నారంటే ఊరుకోను! అది అలాగే ఉండాలి."

హరిబాబు ఏ కంప్యూటర్ జోలికీ వెళ్లలేదు. "మన భీమ" అంటూ అప్పటికే ఎవరికో చెబుతున్నాడు. వీరబ్రహ్మానికి కడుపు నిండిపోయింది.

సత్యకుమారి పనసకాయ మాత్రం సంతలో కొన్నది. అందుకని ఆమె క్యారియర్ మూత కూడా ఎవరూ తియ్యలేదు. ఇంటికి బయల్దేరుతూ ఆమె గేటు దగ్గర ఆగి, ఆ పోస్టర్ని ఓసారి కొరకొరా చూసి కదిలింది.

సామర్లకోటలో ఆ అక్షరాలు నచ్చని మనిషి ఒక్కరే మిగిలారు. వీరబ్రహ్మం మూడు పూటలా తినవలసింది ఆవిడ చేతి వంటే.