క్లచ్ ప్లేటు కాపురం

వరహాలమ్మ లారీలో క్లచ్ ప్లేటు, ఇంజను చక్రమైన ఫ్లైవీలు ఒకదానికొకటి అతుక్కుపోయి చాలా ఏళ్ళుగా కలిసి ఉంటున్నందున వాటిని భార్యాభర్తలుగా పరిగణిస్తున్నామనీ, విడదీయాలనుకుంటే ముందుగా కుటుంబ సలహా కార్యాలయానికి హాజరు కావాలనీ నోటీసు వచ్చింది. నిలబడిపోయిన లారీ ఉన్న ప్రతి ఇంటికీ వచ్చే నోటీసే కనక ఆమె ఆశ్చర్యపోలేదు. చదివి, మడిచి, బియ్యం డబ్బా మీద పెట్టి మెకానిక్ మస్తానుకు కబురు పంపింది.

లారీ ఆమె భర్తది. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆమెను స్టీరింగు మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆయన పోయాక బండి కంచె పక్కనే ఉండిపోయింది. ఆమె మాత్రం కుదురుగా ఉండక డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. ఇప్పుడు బెల్లం సీజను దగ్గరపడింది. మొదటి పాకం దిగేసరికి లారీ కదిలితే దిమ్మలను అనకాపల్లి మార్కెట్టుకు తోలే పని ఆమెకే ఇస్తామని గానుగలవాళ్ళు మాటిచ్చారు. కదలకపోతే ఆ పని ఇంకొకరిది. ఆమె మళ్ళీ పరాయి పొలంలో చెరకు కొట్టుకోవలసిందే.

మస్తాను లారీ కింద దూరి చూసి బయటికొచ్చాడు.

"పిన్నీ, చిన్నాన్న బండి నిలబెట్టినప్పుడల్లా క్లచ్ పెడలు నొక్కి, సీటుకీ దానికీ మధ్య కర్ర బిగించీవోడు. ఆ కర్రేటయింది?"

"దసరాకి బండి కడుగుతా తీసి పొయ్యిలో ఎట్టీసినాను. నాకేటి తెలుసు?"

"ప్రతి దసరాకీ కడిగినావా?"

"కడిగి, పసుపు రాసి, బొట్టెట్టి, కొబ్బరికాయ కొట్టినాను. స్టార్టు మాత్రం సెయ్యలేదు."

"ఆ నీళ్ళన్నీ లోనికెళ్ళినాయి. తుప్పట్టి రెండూ ఒకటైపోనాయి. ఇప్పుడు పెడలు తొక్కినా ఇంజను గేరుబాక్సుని ఒదల్దు." మస్తాను చేతులు తుడుచుకున్నాడు. "దీనికి కుదుపే మందు. గేరులో ఏసి, పెడలు తొక్కి పట్టి, ట్రాక్టరుతో లాగాల. ఇంజను అందుకున్నాక బ్రేకు మీద ఒక్క తన్ను. ఊడొచ్చెస్తాది. కాయితం లేకుండా మాత్రం నాను సెయ్యను. మా బావమరిది అలాగే సేస్తే గృహహింస కేసెట్టినారు."

ఇరుపక్షాలూ స్వయంగా హాజరు కావాలన్నది నిబంధన. అందుకని లారీని ట్రాక్టరుకు కట్టి కార్యాలయం ఆవరణలోకి లాక్కొచ్చారు. సిబ్బంది కొరత వల్ల అక్కడ మనుషుల కేసులూ యంత్రాల కేసులూ ఒకే బల్ల మీద చూస్తున్నారు. ఇచ్చే సలహా ఒకటే కావడంతో ఇంతవరకూ ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

వరహాలమ్మకు ముందు నూకరత్నం అనే అమ్మాయిని పిలిచారు. ఆమె కుడిచేతికి పిండికట్టు ఉంది.

"చెయ్యేమయింది?" అని అడిగింది సలహాదారు విశాలాక్షి గారు.

"ఆయన మెలిపెట్టీసినాడమ్మా."

"ఎడం చెయ్యి బాగానే ఉంది కదా. కాపురమన్నాక ఎవరో ఒకరు తగ్గాలి. వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చో, మీ అత్తింటివాళ్ళు వచ్చి తీసుకెళ్తారు."

తరువాత లారీ వంతు. గేరుబాక్సును పిల్లవైపువాళ్ళుగా, ఇంజనును పిల్లాడివైపువాళ్ళుగా రాసుకున్నారు. ప్లేటును వెనకనుంచి ఫ్లైవీలు మీదికి నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటును అత్తగారిగా నమోదు చేశారు. విశాలాక్షి గారు ఆవరణలోకి దిగి, అత్తగారిని కాసేపు పక్కకు తప్పించమంది. బంట్రోతు క్యాబిన్ ఎక్కి పెడలు తొక్కాడు. అత్తగారు వెనక్కి జరిగింది. ప్లేటు మాత్రం ఉన్నచోటే ఉంది.

"చూశారా? నొక్కేవాళ్ళు లేకపోయినా పిల్ల అక్కడే ఉంది. ఇష్టం లేకపోతే ఉంటుందా?"

"అది తుప్పమ్మా" అంది వరహాలమ్మ.

"మేం అనుబంధం అని రాస్తాం. ఏటేటా పసుపు, కుంకుమ పెట్టారట కదా. కొబ్బరికాయా కొట్టారు. భోజనాలు?"

"ఈదికంతటికీ పులిహోర పెట్టినాను."

"మరింకేం, పెళ్ళే. కలిపే నడుపుకోండి."

"గేరు మారదు తల్లీ. ఆగాలంటే ఇంజనే ఆపాల. సంతలో జనం మీదికెళ్ళిపోద్ది."

"మొదట్లో అలాగే ఉంటుంది. పోనుపోను అలవాటవుతుంది."

బెంచీ మీద నూకరత్నం కట్టు చేతిని ఒళ్ళోకి తీసుకుంది.

వరహాలమ్మ కదలలేదు. పాకం పొయ్యిలు ఇవాళో రేపో వెలిగించేస్తారు. "మరింకే దారీ లేదా అమ్మా?" అని అడిగింది.

విశాలాక్షి గారు చెడ్డ మనిషి కాదు. గొంతు తగ్గించింది. "ఉంది. ఇద్దరిలో ఒకరు చనిపోవాలి. విడిపోతేనే తప్పు, పోతే ఎవరికీ అభ్యంతరం ఉండదు. మీకు తెలియనిదా? మీ ఆయన పోబట్టే కదా మీ చేతికి లైసెన్సు వచ్చింది."

వరహాలమ్మ ఆలోచించింది. అందులో కాదనడానికేమీ కనిపించలేదు. మరణ ధ్రువపత్రాలు ఏ గదిలో ఇస్తారని మాత్రం అడిగింది.

మూడో గదిలో యంత్రాల వరస ఖాళీగా ఉంది. మనుషుల వరస గుమ్మం దాటి మెట్ల దాకా వచ్చింది. కిటికీ వెనక గుమాస్తా ఎవరు పోయారని అడిగాడు. ఫ్లైవీలు అంది. మరణ కారణం అడిగాడు. నిలబడి నిలబడి అంది. అతను రాసుకుని, ముద్ర వేసి, అలవాటు కొద్దీ ఓదార్చాడు.

ఇక ఒక్క తంతు మిగిలింది. బంట్రోతు కిరసనాయిలు గుడ్డతో లారీ ముఖాన ఉన్న పసుపూ కుంకుమా చెరిపెయ్యడానికి వచ్చాడు. వరహాలమ్మ ఆ గుడ్డ తన చేతికి ఇమ్మంది. తనకు చెరిపినవాళ్ళ కంటే మెల్లగా చెరిపింది.

తరువాత క్యాబిన్ ఎక్కి, గేరు వేసి, పెడలు అడుగుదాకా తొక్కి పట్టింది. మస్తాను ట్రాక్టరుతో లాగాడు. ఇంజను దగ్గి, పొగ కక్కి అందుకుంది. బండి ఊపందుకోగానే మస్తాను ట్రాక్టరు మీంచే గొలుసు జారవిడిచి పక్కకు తప్పుకుని "తన్ను పిన్నీ" అన్నాడు. ఆమె బ్రేకు మీద తన్నింది. లోపల ఠప్‌మని శబ్దం వచ్చింది. చక్రాలు ఆగిపోయాయి, ఇంజను ఆడుతూనే ఉంది. ఆ లారీ అలా బతికుండి నిలబడటం ఆయన పోయాక ఇదే మొదలు.

వరండాలో ఉన్నవాళ్ళు కాసేపు చూసి ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. నూకరత్నం మాత్రం క్యాబిన్ దగ్గరికి వచ్చింది.

"పెద్దమ్మా, ఆ కాయితం ఎక్కడిస్తారు?"

"నీకెందుకే ఆ కాయితం? బండెక్కు. మా ఊరు తీసుకుపోతాను."

"కాయితం లేకుండా ఎక్కితే మళ్ళీ తెచ్చి ఆయన దగ్గరే దింపుతారు పెద్దమ్మా. రెండుసార్లయింది."

వరహాలమ్మ మూడో గది వైపు చెయ్యి చూపించింది. నూకరత్నం వెళ్ళి కిటికీ ముందు నిలబడింది.

"ఎవరి పేరు మీదమ్మా?" అన్నాడు గుమాస్తా తలెత్తకుండా. "నీ పేరా, మీ ఆయన పేరా?"

"ఏది ముందరొస్తే అది ఇచ్చీండి."

గుమాస్తాకు కొత్తగా అనిపించలేదు. అందరూ అలాగే అడుగుతున్నారనీ, ముందు వెళ్ళి వరసలో నిలబడమనీ చెప్పాడు. ఆమె ఆడవాళ్ళను ఒక్కొక్కరినే దాటుకుంటూ మెట్లు దిగి, వరస చివరికి నడిచింది.