సేనాని గట్టు మీద నిలబడిన రోజు

ఆ రోజుకు నిహారిక వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ముఖం కడుక్కొని ఫోను ముందు కూర్చోవాలి. పదకొండు గంటలకు మొదలయ్యే ఆఖరి యుద్ధంలో తన కోటను కాపాడుకోవాలి. మధ్యలో వీలైతే అన్నం తినాలి.

ఇంటర్ పూర్తిచేసి డిగ్రీ సీటు కోసం ఎదురుచూస్తున్న ఆ పిల్లకు మనుషుల ముందు గొంతు పెగలదు. కిరాణా దుకాణంలో చక్కెర కావాలన్నా చీటీ రాసుకొని పోయి చేతిలో పెట్టేది. కానీ ఫోనులో ఆడే ఆ యుద్ధపు ఆటలో మాత్రం ఆమె సేనాని. నలభై మంది ఆటగాళ్లు, ఒక్కొక్కరికి ఒక దళం. ఏ గుర్రానికి ఎంత దాణా, ఏ బురుజు మీద ఎన్ని బాణాలు, ఎవరు ఎప్పుడు పడుకోవాలి, అన్నీ ఆమే రాసి పంపేది. ఆమె మాట లేనిదే దళం కదలకుండా ఆటలో కట్టడి పెట్టింది. ఆ కట్టడి తీసి ఎవరి దళాన్ని వాళ్లకే వదిలేయడానికి పచ్చ మీట ఒకటి ఉంది. నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా దాన్ని నొక్కలేదు.

కోట వాకిలి కాసే ఫిరోజ్ నల్గొండలో టైలరు. ఆమెను ఎన్నడూ చూడకపోయినా చెల్లె అని పిలిచేవాడు, ఆ మీట నొక్కి జర నిద్రపొమ్మని ఎన్నోసార్లు చెప్పాడు. ఆమె వినలేదు. కళ్ల కింద నల్లటి చారలు పడ్డాయి. తింటూ తింటూ ముద్ద చేతిలోనే మరిచిపోయేది. ఆట మీద ఇష్టం ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు. గుర్రాలు ఆకలితో ఉంటాయన్న దిగులు మాత్రం పోలేదు.

అయితే ఆ పొద్దున యుద్ధం కంటే ముందు బాపు నర్సింహకు నడుము పట్టేసింది. తెల్లారకముందే నారు కట్టలు మడిలోకి చేరవేస్తూ, వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. ఇద్దరు మనుషులు అతన్ని అదే వంపులో ఇంటికి తెచ్చారు. అమ్మ అదే వంపులో ఆటో ఎక్కించి మోత్కూర్ దవాఖానకు బయలుదేరింది. పీకిన నారు ఈ రోజే నాటకపోతే వాడిపోతుంది. రేపటి నుంచి నాట్ల గుంపు వారం రోజులు పక్క ఊరికి పోతుంది. ఎకరం మడి, ఏడాది తిండి.

"నువ్వేం జెయ్యకు బిడ్డా," అన్నాడు నర్సింహ ఆటోలోంచి, నేలను చూస్తూ. "సాలమ్మకు గుత్తకిచ్చిన. ఆమె చూసుకుంటది. పదింటికి చాయ్ తీస్కపో, గంతే."

గుత్త అంటే మడి మొత్తం గుంపుకు అప్పగించడం. ఎవరు ఎక్కడ దిగాలి, ఎప్పుడు ఆగాలి, అంతా గుంపు ఇష్టం. రైతు గట్టు మీద నిలబడి పని చెప్పకూడదు. చెప్పాడంటే గుత్త పోయి రోజుకూలి అయినట్టే, ఇక చెప్పిన పని తప్ప ఎవరూ చేయరు. నిహారిక ఈ సంగతి వినకపోలేదు. కానీ బాపు అన్న మాట ఆమెకు గుచ్చుకుంది. నలభై దళాలను నడిపే మనిషికి చాయ్ మోసే పనా? సాయంత్రం బాపు వచ్చి చూసేసరికి మడి పటంలా ఉండాలి, అది తన వల్లే అయ్యుండాలి అనుకుంది.

తొమ్మిదింటికి చాయ్ ఫ్లాస్కు, ఫోను, నోటుపుస్తకం పట్టుకొని పొలం చేరింది. పన్నెండు మంది ఆడవాళ్లు కొంగులు దోపుకొని దిగబోతున్నారు. నిహారిక నోరు విప్పలేక నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి గుంపు పెద్ద సాలమ్మ చేతిలో పెట్టింది. సాలమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, పదో తరగతి చదివిన మెర్సీకి ఇచ్చింది. బాపు నాట్ల లెక్కలు చెప్పేటప్పుడు విన్నదాన్ని బట్టి నిహారిక రాసిన ఆ పథకాన్ని మెర్సీ అందరికీ వినపడేలా చదివింది. చేతివేగం ఉన్న నలుగురు మొదటి దళం. అందరికంటే పెద్దది, నిదానమైనది కాబట్టి నిర్మలమ్మ మడిలోకి దిగకుండా గట్టు మీద ఉండి నారు అందించాలి. సమానమైన వేగం ఉన్న మెర్సీ, గ్లోరీ పక్కపక్కన నాటాలి. ఇక్కడికి రాగానే మెర్సీ చదవడం ఆపేసింది. ఆ తోడికోడళ్లకు పోయిన క్రిస్మస్ నుంచి మాటల్లేవని ఊరంతటికీ తెలుసు, ఇల్లు కదలని నిహారికకు తప్ప.

సాలమ్మ కాగితం మడిచి బొడ్లో దోపుకుంది. "బిడ్డా, ఒక్కటే అడుగుత. గిది గుత్తనా, నువ్వు చెప్పుడా?"

"నేనే చెప్త," అంది నిహారిక, తనకే వినపడనంత మెల్లగా.

"మంచిదే. చెప్పు, చేస్తం."

అక్కడి నుంచి ఆ పన్నెండు మంది నిజంగానే చెప్పింది చెప్పినట్టు చేశారు. పాట అందుకునేది నిర్మలమ్మ. ఆమె గట్టు మీద కూర్చుంది కాబట్టి మడిలో పాట లేదు. పాట లేక చేతులు ఒక్కతీరుగా పడలేదు, వరసలు పాములా వంకర తిరిగాయి. మెర్సీ దగ్గర నారు అయిపోతే పక్కనే ఉన్న గ్లోరీని అడగదు. గ్లోరీ చూస్తూనే ఇవ్వదు. ఇద్దరూ నడుముల మీద చేతులు పెట్టుకొని నిహారిక వైపు చూశారు. నిహారిక తొందరలో "ముందుకు పోండి" అంది. నాటేవాళ్లు వెనక్కి నడుస్తారు. నాటింది తొక్కుకుంటూ పోవాలా అని సాలమ్మ ఎంతో మర్యాదగా అడిగింది. ఆ తర్వాత ఒకామె దాహమైతోంది, తాగాల్నా అంది. ఇంకొకామె కాలికి జలగ పట్టింది, పీకాల్నా, ఉండనియ్యాల్నా అంది. పది ఎప్పుడో దాటింది. చాయ్ ఫ్లాస్కు గట్టు చివర మూత కూడా తీయకుండా ఉంది.

పదకొండయింది. ఫోనులో నలభై మంది ఒక్కసారిగా అడగడం మొదలుపెట్టారు. తలుపు మూయాలా, తెరవాలా? గుర్రాలకు నీళ్లు ఇప్పుడా, తర్వాతా? మడిలో పన్నెండు మంది, ఫోనులో నలభై మంది, నడుమ నిహారిక. నోటితో చెప్పాల్సింది వేళ్లు, వేళ్లతో చెప్పాల్సింది నోరు చెప్పడం మొదలైంది.

"పైనుంచి బాణాలు వస్తయి, తలలు దించుకోండి," అంది మడిలోని ఆడవాళ్లతో. వంగి నాటుతున్న పన్నెండు మందీ పని ఆపి తలెత్తి ఆకాశంలోకి చూశారు.

అదే నిమిషంలో సైన్యానికి ఒక ఆజ్ఞ వెళ్లింది: నారు కట్టలన్నీ ఎడమ గట్టుకు చేర్చండి. ఆ కోటలో నారు లేదు, కానీ ఎడమ వైపు ఒక మట్టిగట్టు ఉంది. నాలుగు నెలలుగా ఎదురు ప్రశ్న వేయడం మరిచిపోయిన సైన్యం నారు దొరకక గుర్రాల గడ్డి మోపులు ఎత్తుకొని ఆ గట్టు మీదికి పోయి నిలబడింది. కోట వాకిట్లో మనిషి లేడు. శత్రువులు ఇదేదో పెద్ద పన్నాగమని అనుమానించి గుమ్మం బయటే ఆగిపోయారు.

నిహారిక అది చూసుకోలేదు. ఫోను గట్టు మీద పెట్టి, మెర్సీకి నారు తానే అందిద్దామని మడిలోకి దిగింది. రెండో అడుగుకే జారి మోకాళ్ల లోతు బురదలో కూలబడింది. చేతులు మోచేతుల దాకా మట్టి. గట్టు మీద ఫోనులోంచి ఫిరోజ్ గొంతు వినపడుతోంది. ఆటలోనే మాట్లాడుకునే వీలుంది. చెల్లె, జర చెప్పు, ఏం చెయ్యాలి అని ఒకటే పిలుస్తున్నాడు. ఆమె లేవబోయి మళ్లీ జారింది. లేవడం మానేసి ఏడ్చేసింది. నాలుగు నెలల అలసట అంతా కలిపి, చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా ఏడ్చింది.

మడిలో ఎవరూ నవ్వలేదు.

ఆ పొలంలో పొడి చేతులున్నది ఒక్క నిర్మలమ్మకే. ఆమె ఫోను తీసి చెవికి అడ్డంగా పట్టుకొని ఎవరని అడిగింది. ఫిరోజ్ చెప్పుకున్నాడు. నలభై మందిమి గడ్డి మోపులు ఎత్తుకొని నిలబడ్డామన్నాడు, దించమన్న మాట రాలేదన్నాడు.

"ఎన్ని దినాల సంది చేస్తున్నరు బిడ్డా గీ పని?" అంది నిర్మలమ్మ.

"నాలుగు నెలలైంది పెద్దమ్మా."

"నాలుగు నెలలు చేసినోళ్లకు మోపు ఎప్పుడు దించాల్నో తెల్వదా? మా పిల్ల గీడ బురదల కూసోని ఏడుస్తాంది."

ఫిరోజ్, మూలకు పచ్చ మీట ఉంటుంది, అది నొక్కితే మా పని మేం చేసుకుంటాం అన్నాడు. నిర్మలమ్మ ఫోనును దూరంగా పెట్టి చూసి, మీటను కనిపెట్టి, నిహారిక వైపు తిరిగింది. నొక్కాల్నా అని ఆమె కూడా అడుగుతుందేమోనని నిహారికకు భయం వేసింది. ఇంకొక్క మాట చెప్పే ఓపిక ఆమెలో లేదు.

"నీ ఇష్టం పెద్దమ్మా," అంది.

నిర్మలమ్మ నొక్కి, ఫోను కొంగుకు తుడిచి, చాయ్ ఫ్లాస్కు మీద బోర్లించింది.

సాలమ్మ బురదలో ఈదినట్టు నడిచొచ్చి పిల్ల పక్కన గొంతుక్కూర్చుంది. "మీ అమ్మను మొదటి సారి గుంపు పెద్దను జేసినప్పుడు గిట్లనే జేసింది. ఎవల చెయ్యి మీద నమ్మకం లేక అందరి వరసలు తనే సర్దింది. మూడొద్దులు జ్వరంతోని పండింది. నేనే గంజి పోసిన." కొంగు తడి లేనిచోట చూసి నిహారిక ముఖం తుడిచింది. "పన్నెండు మందికి ఇరవై నాలుగు చేతులున్నయి బిడ్డా. నీయి రెండే. లే, గుత్త జేద్దాం."

చాయ్ చల్లారిపోయింది, అయినా తాగారు. నిర్మలమ్మ మడిలోకి దిగి పాట అందుకుంది. వంకర వరసలను ఎవరూ చెప్పకుండానే సరిచేశారు. నిహారికను మెర్సీకి, గ్లోరీకి నడుమ నిలబెట్టారు. నారు పల్చగా పెట్టమని ఆమెకు చెప్పు అంది మెర్సీ. నాకు తెలుసని ఆమెకు చెప్పు అంది గ్లోరీ. మూడోసారికి నిహారిక అందించేంత వరకు ఆగలేక ఇద్దరూ నేరుగానే తిట్టుకున్నారు. సాయంత్రానికి అది మామూలు మాటల్లోకి దిగింది. నాలుగింటికల్లా ఎకరం పచ్చబడింది.

నర్సింహ నడుముకు పట్టీ కట్టుకొని, ముప్పావు వంతు నిటారుగా గట్టు మీదికి వచ్చాడు. మడినంతా చూశాడు. తాడు పట్టినట్టున్న వరసల నడుమ ఒక్కటి మాత్రం తాగినవాడి నడకలా పోయింది.

"గీ వరస ఎవలు ఏసిండ్రు సాలమ్మా?"

"మా గుంపుల కొత్త మనిషి," అంది సాలమ్మ.

నర్సింహ కూతురి చేతుల మట్టిని చూశాడు. కష్టపడి వంగి, ఆ వరసలో పక్కకు వాలిన నారు ఒకటి నిలబెట్టి, మళ్లీ కష్టపడి లేచాడు. నిహారికకు అది చాలు.

ఫోను సంగతి ఆమెకు చీకటి పడుతుండగా గుర్తొచ్చింది. ఓడిపోయి ఉంటామనే తెరిచింది. పచ్చ మీట నొక్కిన నలభై నిమిషాలకే యుద్ధం ముగిసిందట. ఆఖరికి శత్రువులు ధైర్యం చేసి వాకిట్లోకి దూరగానే దళాలు గడ్డి మోపులు గట్టు మీది నుంచి దొర్లించి వాకిలి ముందూ వెనకా మూసేశాయి, వాళ్లు బయటా లోపలా కాకుండా ఇరుక్కుపోయారు. ఎవరి బుర్రలో పుట్టిన ఉపాయమో నలభై మందిలో ఎవరికీ తెలియదు. అందరూ కలిసి నిహారికకు నెల రోజులు సెలవు ఇచ్చారు. వచ్చే విడత యుద్ధాలకు సేనానిగా ఆ పెద్దమ్మను ఎన్నుకున్నారు. ఆట నడిపే కంపెనీకి ఆమె పేరు, వయసు పంపమని ఫిరోజ్ రాశాడు.

మరునాడు పొద్దున గుంపు పక్క ఊరికి ఆటో ఎక్కుతుంటే నిహారిక పరుగెత్తి, చీటీ లేకుండానే, నిర్మలమ్మను వయసెంత అని అడిగింది.

"నీకు ఎంత అక్కరుంటే గంత రాస్కో బిడ్డా," అంది నిర్మలమ్మ.

నిహారిక, గుంపులో అందరికంటే పెద్దదైన ఆమెకు ముప్పై రెండు అని రాసి, రెండోసారి చూసుకోకుండా పంపేసింది.