భుజవీణకు సన్మానం

రాజమహేంద్రవరం శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కళాశాల వారు దివ్యాంగుల సంగీత సమస్యను శాశ్వతంగా పరిష్కరించినట్టు ప్రకటించి, అందుకు సభ కూడా ఏర్పాటు చేశారు. అలాంటి సమస్య ఒకటుందని అప్పటిదాకా తెలియని ఊరి పెద్దలంతా అది తీరిపోయినందుకు ఎంతో సంతోషించారు.

వాద్యం పేరు భుజవీణ. కుడి భుజానికి సెన్సార్ల పట్టీ, ఎడమచేతి వేళ్లకు తొడుగు. వేళ్లు స్వరం చూపిస్తే, భుజం ఎగరేసినప్పుడల్లా తీగ మీటినట్టు స్పీకర్లో మోగుతుంది. విభాగాధిపతి డాక్టర్ మణిశంకర్ గారి నాయకత్వంలో, మూడో అంతస్తు ప్రయోగశాలలో దీని మీద లోతైన పరిశోధన జరిగింది. ఆ భవనానికి లిఫ్టు లేదు కాబట్టి దివ్యాంగులెవరూ రాలేదు. వారు రాలేదు కాబట్టి కాళ్లూ చేతులూ నిక్షేపంలా ఉన్న విద్యార్థుల మీదే పరీక్షించారు. ఫలితాలు అమోఘంగా వచ్చాయి. తీరా ఫొటోలు తీయాల్సి వచ్చాక గానీ ఒక దివ్యాంగురాలు తక్కువైన సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

అలా దొరికినావిడ వరహాలక్ష్మి గారు. జీవితమంతా పిల్లలకు వీణ నేర్పిన టీచరు. పక్షవాతంతో కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయి, ఆ భుజమొక్కటే కాస్త కదిలేలా మిగిలాక, వీణకు గుడ్డ కప్పి కంటికి కనబడని గదిలో పెట్టించేశారు. పరిశోధక విద్యార్థిని సాయిప్రసన్న పట్టీ తీసుకుని ఇంటికొచ్చినప్పుడు ఆవిడ మొదట అన్న మాట, "ఇదేంటే తల్లీ, కాలింగ్ బెల్లులా మోగుతోంది? గమకం ఏదీ?" అని. ఆ పిల్ల ప్రోగ్రాము మార్చింది, మళ్లీ మార్చింది. చివరికి ఒక సాయంత్రం స్వరం ఊగింది. వరహాలక్ష్మి గారు భోరుమని ఏడ్చారు.

సభ అయ్యాక పట్టీని అద్దాల బీరువాలో పెడతారట. "ఒక్కసారి, నలుగురి ముందు వాయిస్తే చాలునే. తరవాత పట్టుకుపోనీ" అన్నారావిడ.

వేదికకు మెట్లే ఉన్నాయి. నలుగురు లెక్చరర్లు ఆవిడను చక్రాల కుర్చీతో సహా ఎత్తి, ఉత్సవ విగ్రహంలా పైకి చేర్చారు. "అందరికీ ప్రవేశ సౌలభ్యం అంటే ఇదేనండి!" అని మణిశంకర్ గారు మైకులో గర్వించారు. ముఖ్య అతిథి మీట నొక్కి, ఆవిడ భుజానికి కట్టిన భుజవీణను ప్రారంభించారు. ఆవిడ వంతు వచ్చేదాకా దాన్ని ఆపుతానని సాయిప్రసన్న వెళితే, పెద్దవారి చేతుల మీదుగా మొదలైనదాన్ని ఆర్పేస్తే ఏం బావుంటుందమ్మా అని మణిశంకర్ గారు మందలించారు. కాబట్టి ఉపన్యాసాలు అయ్యేదాకా వరహాలక్ష్మి గారు కదలకుండా కూర్చోవాలని తేలింది.

"వైకల్యం శరీరానికే గాని మనసుకి కాదు!" అన్నారు ముఖ్య అతిథి. "నాకూ మోకాళ్ల నొప్పులున్నాయి. అయినా మూడుసార్లు పోటీ చేశాను. ఎక్కడైనా ఆగానా?" వరహాలక్ష్మి గారికి నవ్వాగలేదు. భుజం కదిలి ఝణ్‌మంది. వాద్యం తనతో ఏకీభవించిందని ఆయన ఇంకో అరగంట మాట్లాడారు.

కార్యక్రమంలో వాయిద్యానికి ముందు సన్మానం పెట్టారు. సన్మానం ఉంటే గాని పెద్దలు నిలవరు, అయ్యాక అసలే నిలవరు. ముఖ్య అతిథి శాలువా కప్పారు. ఝణ్. యాజమాన్యం వారు కప్పారు. ఝణ్. సేవా సంఘాల వారు వరస కట్టారు. "చూశారా, సన్మానానికి కూడా స్పందిస్తోంది!" అని మణిశంకర్ గారు పొంగిపోయారు. తర్వాత ఒళ్లో పళ్ల బుట్ట, దాని మీద ఆత్రేయపురం పూతరేకుల పెట్టె, తొడుగు ఉన్న చేతిలో ఇత్తడి జ్ఞాపిక. ఆ బరువుకు వేలు ఒకే స్వరం మీద ఇరుక్కుపోయింది. శాలువాల కింద భుజం ఊపిరికి కదిలినప్పుడల్లా అదే స్వరం గుయ్యిమంటోంది. ముఖ్య అతిథి కళ్లు మూసుకుని తాళం వేశారు. సభ చప్పట్లతో మార్మోగింది.

"సమయాభావం వల్ల వాద్య ప్రదర్శన దిగ్విజయంగా ముగిసినట్టు భావిస్తూ, ఇప్పుడు వందన సమర్పణ..." అన్నారు మణిశంకర్ గారు.

"ఏవండోయ్! నేనింకా మొదలెట్టలేదండి!"

గొంతు వరహాలక్ష్మి గారిదే. అంత గట్టిగా అరవగలనని ఆవిడకే తెలియదు. "ప్రసన్నా, ఈ దుప్పట్లు తియ్యవే! ఉక్కపోతకి చచ్చిపోతున్నాను. మణిశంకర్ గారూ, ఇది కాస్త పట్టుకోండి బాబూ" అని జ్ఞాపిక ఆయనకందించారు. సాయిప్రసన్న శాలువాలు ఒక్కొక్కటే తీసి పక్క కుర్చీ మీద వేసింది. పెద్దలు తోసుకుంటూ లేచిపోయారు. ఆ గందరగోళంలోనే ఆవిడ కళ్లు మూసుకుని భుజం ఎగరేశారు. వాయించారు.

మర్నాటి నుంచి ఊళ్లో సంగీత చర్చ జోరుగా సాగింది. ముఖ్య అతిథి శాలువా తీయడం అవమానమా, యాజమాన్యం వారిది ముందు తీసి ఆయనది తరవాత తీయడం అవమానమా అన్నది విషయం. కళాశాల కూడా లోపాన్ని గుర్తించి పరిశోధన కొనసాగించింది. కొత్త నమూనాలో సెన్సార్లు శాలువాలోనే ఉంటాయి. కప్పగానే అదే మోగుతుంది, కళాకారుల సహకారం అక్కర్లేదు. పాత పట్టీని మూడో అంతస్తులో అద్దాల బీరువాలో పెట్టారు. మెట్లెక్కగలిగిన వారెవరైనా చూడవచ్చు.

వరహాలక్ష్మి గారింటికి పలకరింపుకొచ్చిన వారంతా, "నిజమేనా అండీ, మొదట ఎవరి శాలువా తీశారు?" అని అడిగారు. ఆవిడ ప్రతిసారీ ఇంకో ప్రశ్న కోసం ఎదురుచూశారు. ఏ రాగం వాయించారని, గమకం పలికిందా అని, ఒక్కరంటే ఒక్కరూ అడగలేదు. ఆవిడకు ఏడుపొచ్చింది.

మీరైనా అడుగుతారేమో అని నేనూ ఇంతసేపూ ఆగి చూశాను.