తువ్వాలు కింద బేరం

ఆ శనివారం ఉదయం గురునాథం మాష్టారి కార్యక్రమం చాలా చిన్నది. చేతిసంచీ తీసుకుని సంతకు వెళ్ళాలి. దొండకాయలు, కాసిని పచ్చిమిరపకాయలు తేవాలి. ఎండెక్కేలోగా ఇంటికి రావాలి. అంతే.

"తిన్నగా వెళ్ళి తిన్నగా రండి. దారిలో హుస్సేన్ సాహెబ్ హోటల్లో కూలబడ్డారంటే దొండకాయలు మీ సంచీలోనే పండిపోతాయి" అంది భార్య కనకలక్ష్మి.

"నేనెందుకు కూలబడతానే? నాకు వేరే పనిలేదూ?" అన్నారు మాష్టారు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. ఏ మాటనైనా మనస్ఫూర్తిగా అనడమే ఆయనతో వచ్చిన చిక్కు.

మాష్టారికి ఆ రోజుల్లో నిజంగానే వేరే పని ఉంది. అది ఫుట్‌బాల్. ఊళ్ళో నూలుమిల్లు ఉన్న బుల్లయ్యగారు ఆ ఏడు వేసవిలో టీవీ ముందు కూర్చుని ప్రపంచ కప్పు ఆటలు చూశారు. చూసి ఊరుకోకుండా మిల్లు పేరు మీద ఓ జట్టు పెట్టారు. ఆటగాళ్ళకు నెలజీతాలు. కదురు ముట్టుకోనక్కర్లేదు, బంతి తన్నితే చాలు. వినుకొండకూ దర్శికీ మధ్య అలాంటి వైభోగం ఎవరూ ఎరగరు.

పత్తి తీతలు మొదలైన రోజుల్లోనే పోటీలూ మొదలయ్యాయి. మొదటి మూడు ఆటలూ మిల్లు జట్టు వరసగా ఓడిపోయింది. మైదానంలో ఆడేవాళ్ళు పదకొండుమందే గానీ, ఎందుకు ఓడిపోయారో తెలిసినవాళ్ళు ఊరినిండా ఉన్నారు. సైకిల్ షాపు మీరావలి బూట్లు బిగువన్నాడు. కమీషన్ కొట్ల వాళ్ళేమో, పొద్దున్నే మజ్జిగ తాగించడం వల్ల కాళ్ళు బరువెక్కుతున్నాయన్నారు. హుస్సేన్ సాహెబ్ మైదానమే ఉత్తరానికి వాలిందన్నాడు. రైల్వేలో ఆడి రిటైరై వచ్చి వీళ్ళకు ఆట నేర్పుతున్న ఏసోబు మాత్రం, "బాబూ, మీరంతా గట్టుమీద నిలబడి అరిచేవన్నీ మా కుర్రాళ్ళకి వినపడుతున్నాయి. నేను చెప్పేదొక్కటే వినపట్టంలేదు" అన్నాడు. అదీ ఒక అభిప్రాయమేనని అందరూ కొట్టిపారేశారు.

బుల్లయ్యగారికి విసుగు పుట్టింది. "ఆదివారం దర్శి చేతిలో కూడా ఓడిపోతే జట్టు ఎత్తేస్తా. సోమవారం నుంచి అందరూ కదుళ్ళ దగ్గరికే" అన్నారు.

ఆ మాట విన్నప్పటి నుంచి మాష్టారికి అన్నం సయించడంలేదు. ఆయన ఏళ్ళ తరబడి హైస్కూల్లో సోషలు చెబుతున్నారు. ఏ పిల్లవాడూ లేచి ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. అదే మైదానం గట్టుమీద అయితే, "మాష్టారూ, మీరేమంటారు?" అని పెద్దపెద్దవాళ్ళే అడుగుతారు. జట్టు పోతే ఆ ప్రశ్న కూడా పోతుంది. ఆ దిగులు ఆయన ఎవరికీ చెప్పుకోలేదు, కనకలక్ష్మికి కూడా.

సంతలో ఒక వైపు కూరగాయలు, రెండో వైపు పశువులు. పశువుల వైపు ఎవరూ ధర పైకి చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి, మీద తువ్వాలు కప్పుకుని, వేళ్ళు నొక్కి బేరమాడుకుంటారు. చూసేవాళ్ళకు తువ్వాలు కదలడం తప్ప ఏమీ తెలియదు. మాష్టారు దొండకాయల కోసం వెళుతూ అలవాటుగా అటువైపు చూశారు. చూసి ఆగిపోయారు.

సోడాబండి నీడలో ఇద్దరు మనుషులు తువ్వాలు కింద చేతులు కలుపుకుని నిలబడ్డారు. ఒకడు మిల్లు జట్టు గోలీ, అంటే గోలు దగ్గర కాపలా కాసే అంకమ్మరావు. రైతుబిడ్డ, మాష్టారి పాత శిష్యుడు, పైగా మాష్టారింట్లోనే దొడ్డివైపు గదిలో అద్దెకుంటాడు. రెండోవాడు చెంచయ్య. దర్శి జట్టు ఎక్కడ ఆడినా ముందు నిలబడి ఈలలేసే పెద్దమనిషి. మాష్టారికి ఆయన మైదానంలో తప్ప తెలియదు. వాళ్ళ చుట్టుపక్కల ఒక్క పశువు లేదు.

మాష్టారి బుర్ర చకచకా పనిచేసింది. తువ్వాలు కింద చెయ్యి పెట్టాడంటే ఏదో చేతులు మారుతున్నట్టే. అంకమ్మరావుకి గొడ్డూ లేదు, గోదా లేదు. వాడి దగ్గర అమ్మడానికి ఉన్నదల్లా ఒక్కటే. గోలు!

అంతలో అంకమ్మరావు తలెత్తి మాష్టారిని చూశాడు. ముఖం వెలవెలబోయింది. చెయ్యి లాక్కుని, జనంలో దూరి మాయమయ్యాడు. మాష్టారికి ఇంక ఏ సాక్ష్యమూ అక్కర్లేకపోయింది. దొండకాయలు మర్చిపోయి వెనక్కి తిరిగి, తిన్నగా వెళ్ళి హోటల్లో కూలబడ్డారు.

"ఏం మాష్టారూ, సంతకి వెళ్ళినట్టున్నారే?" అన్నాడు హుస్సేన్ సాహెబ్.

"వెళ్ళాను. చూడకూడనిది చూశాను. ఓ టీ ఇవ్వు" అని, టీ వచ్చాక, "నీ ఒక్కడికే చెబుతున్నా" అంటూ మొత్తం చెప్పారు. ఆయనది క్లాసులో ఆఖరి బెంచీకి వినపడే గొంతు.

మీరావలి బల్ల మీద చరిచాడు. "నే అనుకుంటూనే ఉన్నా! మొదటి ఆటలో బంతి వాడి కాళ్ళ మధ్య నించి పోయిందా లేదా? కావాలనే కాళ్ళు ఎడం పెట్టాడు!"

"నిన్నటిదాకా బూట్లు బిగువన్నావుగా?" అన్నాడు హుస్సేన్ సాహెబ్.

"బూట్లు బిగువైతే కాళ్ళు దగ్గరికే పెట్టాలిగా మరి? ఎడం ఎందుకు పెట్టినట్టూ?"

మజ్జిగ, బూట్లు, మైదానం వాలు, అన్నీ ఆ క్షణంలోనే రద్దయిపోయాయి. కబురు బస్టాండు చేరేసరికి అంకమ్మరావు ఓ కొత్త సైకిలుకు ఆట అమ్ముకున్నాడు. మిల్లు గేటు చేరేసరికి అది దర్శి వైపు రెండెకరాల మాగాణి అయింది. దర్శి వైపు మాగాణి ఎక్కడుందని ఎవరూ అడగలేదు.

హోటల్లో ఉన్నవాళ్ళంతా మాష్టారిని ముందు పెట్టుకుని మిల్లు ఆఫీసుకి వెళ్ళారు. బుల్లయ్యగారు అంకమ్మరావుకి కబురు పెట్టారు.

"ఏరా, సంతలో చెంచయ్యతో తువ్వాలు కింద చెయ్యి కలిపావా?"

"కలిపానండి."

"దేనికి?"

"చెప్పకూడదండి. మాటిచ్చాను."

"ఎవరికిరా?"

అంకమ్మరావు మాష్టారి వైపు ఓసారి చూసి తల దించుకున్నాడు. "అదీ చెప్పకూడదండి."

"చూశారా, చూశారా!" అన్నాడు మీరావలి. బుల్లయ్యగారు బల్ల గుద్ది, "రేపు నువ్వు గోల్లో నిలబడనక్కర్లేదు. పెట్టె సర్దుకుని మీ ఊరికి పో" అన్నారు. తర్వాత మాష్టారి వైపు తిరిగారు. "దొంగని పట్టింది మీరే మాష్టారూ. గోల్లో ఎవర్ని పెట్టాలో కూడా మీరే చెప్పండి."

ఇన్నాళ్ళూ మాష్టారు అభిప్రాయాలు చెప్పారే గానీ ఎవరూ తీసుకున్నది లేదు. "పొడుగ్గా ఉన్నవాణ్ణెవర్నైనా పెట్టండి" అన్నారు చివరికి.

"మా జట్టులో పొడుగున్నోడు వీడొక్కడేనండి" అన్నాడు ఏసోబు నీరసంగా.

అందరి చూపులూ మెల్లిగా మీరావలి మీదికి వెళ్ళాయి. మీరావలి తలుపు చట్రానికి తల తగులుతుందని వంగి నిలబడి ఉన్నాడు.

"నేనా? నాకు షాపుంది సార్! రేపు పంక్చర్లున్నయ్!" అన్నాడు వాడు. ఎవరూ వినిపించుకోలేదు.

బయటికి వెళుతూ అంకమ్మరావు మాష్టారి దగ్గర ఆగాడు. "మాష్టారూ, దొండకాయలు కొన్నారా? అమ్మగారు ఎదురు చూస్తుంటారు" అన్నాడు. అన్నం పెట్టిన ఇంటి మీద అంత ధ్యాస ఉన్నవాడు ఇలాంటి పని ఎలా చేశాడా అని మాష్టారికి అనిపించింది. కానీ అప్పటికే ఎవరో ఆయన మెడలో బంతిపూల దండ వేశారు. దండ పడ్డాక మనిషికి అనుమానాలు నిలవవు.

జట్టును కాపాడిన మనిషిని ఒంటరిగా పంపడం మర్యాద కాదని అందరూ ఇంటిదాకా వెంట వచ్చారు. బుల్లయ్యగారి జీపు కూడా వెనకాలే నెమ్మదిగా వచ్చింది. మాష్టారు దండ సర్దుకుంటూ, ఖాళీ సంచీ చంకలో పెట్టుకుని, సందు మలుపు తిరిగారు.

గుమ్మం ముందు చెంచయ్య నిలబడి ఉన్నాడు. భుజం మీద అదే తువ్వాలు. చేతిలో పలుపు. పలుపు చివర నల్లగా నిగనిగలాడుతూ ఓ గేదె.

"గురునాథం మాష్టారిల్లు ఇదేనా అండీ? బేరం కుదిరింది. గేదెని తోలుకొచ్చా" అన్నాడు చెంచయ్య.

మొదట తేరుకున్నవాడు మీరావలి. రేపు గోల్లో నిలబడాల్సిన అవసరం తప్పే దారి వాడికి కనిపించింది.

"ఓర్నాయనో! గోలీని తీయించినందుకా ఈ గేదె? దర్శి వాళ్ళు కొన్నది అంకమ్మరావుని కాదు, మాష్టారిని!"

"నాకీ గేదె ఎవరో తెలియదు!" అన్నారు మాష్టారు.

"అందుకే పొడుగోణ్ణి పెట్టమన్నాడు! నాకు బంతి పట్టుకోవటం రాదని ఈయనకి తెలుసు!"

కొన్ని నిమిషాల క్రితం దండ వేసిన చేతులే దాన్ని తీయడానికి ముందుకు వచ్చాయి. బుల్లయ్యగారు జీపు దిగి, "మాష్టారూ, మీరు కూడానా?" అన్నారు. మాష్టారికి చెప్పుకోవడానికి ఏమీ లేని ఘడియ జీవితంలో అదే మొదటిది. ఇందాక ఆఫీసులో అంకమ్మరావు ఎలా నిలబడ్డాడో ఆయనకు అప్పుడు అర్థమైంది.

తలుపు తెరుచుకుని కనకలక్ష్మి పసుపూ కుంకాల పళ్ళెంతో బయటికి వచ్చింది. ఎవర్నీ పట్టించుకోకుండా తిన్నగా గేదె దగ్గరికి వెళ్ళి నుదుట బొట్టు పెట్టింది.

"మా తల్లే! ఎంత బావుందో. అంకమ్మరావు ఏడండీ? తనే దగ్గరుండి తోలుకొస్తానన్నాడే?" అంది చెంచయ్యతో. అప్పుడు జనాన్ని చూసింది. "ఇంతమంది వచ్చారేమిటి, గేదెని చూట్టానికా?"

"కనకం, ఈ గేదె..." అన్నారు మాష్టారు.

"నేనే కొనిపించాను. కిందటిసారి గేదెని మీరేగా కొన్నారు! అమ్మేవాడి చెయ్యి పట్టుకుని, ఆ గేదె ఎంత గొప్పదో వాడికే ఉపన్యాసం చెప్పారు. వాడు నిజమే కాబోలనుకుని ధర పెంచేశాడు. ఇంటికొచ్చాక అది తన్నడం తప్ప ఏమిచ్చింది? అందుకే ఈసారి అంకమ్మరావుతో చెప్పాను, నాయనా నువ్వు రైతుబిడ్డవి, చూసి బేరం చెయ్యి, మాష్టారికి మాత్రం చెప్పకు, చెబితే హోటల్లో అందరూ తలో సలహా ఇస్తారు, గేదె ఇల్లు చేరదు అని."

చెంచయ్యకు ఒక్కొక్కరే విషయం వివరించారు. ఆయన సాంతం విని, గేదెను కాలవలో కడగడానికి పంపి నీడన బేరమాడుకున్నామని చెప్పి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"మాకు గొడ్ల వ్యాపారం తాతల నాటి నించీ ఉందండీ. అయినా మీరేంటండీ, మీవాళ్ళని ఓడించటానికి ఎవరన్నా గేదెనిస్తారా? ఊరికే ఓడిపోతున్నారుగా!"

ఆ మాటకు అందరూ తమ చెప్పుల వంక చూసుకున్నారు. బుల్లయ్యగారు కూడా.

అంకమ్మరావు దొడ్డివైపు గదిలో ట్రంకుపెట్టె సర్దుకుంటున్నాడు. మాష్టారు మెడలో దండ తీసి చేత్తో పట్టుకుని వెళ్ళి గుమ్మంలో నిలబడ్డారు. "తప్పయిపోయిందిరా నాయనా. నిన్ను ఎరిగి ఉండీ అనుమానించాను. నన్ను క్షమించు" అన్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"పర్లేదు మాష్టారూ. గేదె నచ్చిందా అమ్మగారికి?"

"బొట్టు కూడా పెట్టింది."

"అదే పదివేలు" అన్నాడు అంకమ్మరావు. వెనకాలే వచ్చిన బుల్లయ్యగారు, "రేపు గోల్లో నువ్వేరా" అన్నారు. అంకమ్మరావు పెట్టె మూత వేశాడు. "నిలబడతానండి. కానీ ఒక్కటే కోరిక. రేపు గట్టుమీద మనవాళ్ళెవ్వరూ నోరెత్తకూడదు."

ఆదివారం సాయంత్రం మైదానం గట్టు నిండా జనం. అందరూ ముందురోజు చేసిన నిర్వాకానికి తలలు దించుకుని కూర్చున్నారు. చెంచయ్య ఈలలు తప్ప ఏమీ వినపడటంలేదు. మాష్టారు భుజం మీది కండువా కొంగు నోట్లో కుక్కుకున్నారు. రెండుసార్లు లేచారు. రెండుసార్లూ కనకలక్ష్మి చొక్కా పట్టి లాగింది. ఆవిడ ఆటకు రావడం అదే మొదలు.

ఆ నిశ్శబ్దంలో ఏసోబు గొంతు మొదటిసారిగా మైదానం అవతలి చివరికి చేరింది. "ఎడమ్మీదికి! వెనక్కియ్యి! ఇప్పుడు, ఇప్పుడు కొట్టు!" అంటుంటే కుర్రాళ్ళు ఆశ్చర్యంగా వింటూ, విన్నది చేశారు. హాఫ్ టైము తర్వాత ఓ గోలు పడింది. జనం లేచి నిలబడ్డారు గానీ, మాట గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నారు. చివర్లో దర్శి వాళ్ళు కొట్టిన బంతిని అంకమ్మరావు పక్కకి దూకి గుండెకి హత్తుకున్నాడు. కాళ్ళు ఎడంగానే ఉన్నాయి. మిల్లు జట్టు గెలిచింది. జట్టు నిలిచింది.

సోమవారం పొద్దున్నే హుస్సేన్ సాహెబ్ హోటలు కిటకిటలాడింది. తాను గోల్లో దిగుతానేమోనన్న భయంతోనే జట్టు ప్రాణం పెట్టి ఆడిందని మీరావలి తేల్చాడు. మైదానం వాలు రాత్రికి రాత్రే సర్దుకుందని హుస్సేన్ సాహెబ్ అన్నాడు. మాష్టారు ఆ దారినే వచ్చారు. "మాష్టారూ, మీరేమంటారు?" అని ఎవరో పిలిచారు. ఆయన ఆగి, నవ్వి, సంచీలో దొండకాయలు చూపించి వెళ్ళిపోయారు. వాళ్ళు మళ్ళీ అడిగారన్న సంతోషం మాత్రం ఇల్లు చేరేదాకా తరగలేదు.

గెలుపు గురించి ఆయనకూ ఓ అభిప్రాయం ఉంది, చాలా పెద్దది. దాన్ని రోజూ ఉదయం కుడితిలో తవుడు కలిపేటప్పుడు కొంచెం కొంచెంగా గేదెకు చెబుతున్నారు.

ఇంతవరకు అది ఎదురు చెప్పలేదు, పాలూ తగ్గించలేదు.