అక్క ఎటు చూస్తోంది?

ఆ రోజు గంగాధరం చేయాల్సింది ఒకటే పని. కొత్తగా కొన్న ఫైబర్ పడవని తెల్లవారగానే సముద్రంలోకి దించి, వల వేసి, పడిన మొదటి చేపని తెచ్చి అక్క కామమ్మ చేతిలో పెట్టాలి. వాళ్ల ఇళ్లలో కొత్త పడవ తొలి చేప ఆడబిడ్డదే. ఇంత చిన్న పనిలో పొరపాటు జరగడానికి చోటెక్కడుందని ఎవరికైనా అనిపిస్తుంది. అలా అనుకునేవాళ్లకి గంగాధరం సంగతి తెలియదన్నమాట.

రెండేళ్ల కిందట అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కి మేనమామ హోదాలో మనుబోలు వెళ్లాడు. బ్యాండు మేళం, బాణసంచా, పళ్లాల కొద్దీ మిఠాయిలు, ఊరు ఊరంతా బయటికొచ్చి చూసింది. మేనమామ పెట్టాల్సిన ఓణీ మాత్రం అతని ఇంట్లో బీరువాలో ఉండిపోయింది. ఆనాటి నుంచి కామమ్మ తమ్ముడితో మాట్లాడదు. ఫోను చేస్తే ఎత్తి, తాను ఎత్తానని తెలిసేలా గట్టిగా ఒక నిట్టూర్పు విడిచి పెట్టేస్తుంది. తొలి చేప తన హక్కు కాబట్టి వస్తానని, అది చేతిలో పడేదాకా నోరు విప్పనని కూతురితో కబురు పంపింది. తల్లి పోయాక గంగాధరానికి తల్లి లాంటిది ఆ అక్కే. ఆమె గొంతు వినబడక చిన్నబోయి ఉన్నాడు పాపం. తిట్టినా చాలనుకునే స్థితికి వచ్చాడు.

కామమ్మ మొదటి బస్సుకే దిగింది. గుడ్డ కట్టిన గిన్నె ఒళ్లో పెట్టుకుని ఒడ్డున కుర్చీలో కూర్చుంది. వలలు పడవలోకి ఎక్కించి ఉన్నాయి, ఇంజను బిగించి ఉంది, నెట్టడమే తరువాయి. ఆమె పడవ వంక కన్నార్పకుండా చూసింది.

"అక్క ఏంది అట్ట చూస్తా ఉండాది?" అని భార్య వనజాక్షి చెవిలో అడిగాడు గంగాధరం.

వనజాక్షి ఆడబిడ్డ చూపు వెంటే చూసింది. పడవ మొన మీద ఎర్రటి అక్షరాలతో 'వనజాక్షి' అని ఉంది. "నా పేరుండాది, ఆమె పేరు లేదు. ఇంకేం గావాల," అంది.

అక్కనే అడగొచ్చు కదా అని వనజాక్షి అంటే, మాట్లాడని మనిషిని ఏమడుగుతామన్నాడు గంగాధరం. బోర్డులు రాసే సిలార్‌కి కబురు వెళ్లింది. సిలార్ వచ్చి, వనజాక్షి కంటే పెద్ద అక్షరాలతో 'కామమ్మ' అని రాసి, పెయింటు ఆరేదాకా నీళ్లు తగలకూడదని చెప్పి తానూ కూర్చున్నాడు. అందరూ రంగు ఆరడం చూస్తున్నారు. కామమ్మ మాత్రం పొద్దు వంక చూసింది.

ఇక అక్కడి నుంచి పగ్గాలు గణేష్ చేతికి వచ్చాయి. ఇతను వనజాక్షి తమ్ముడు, నెల్లూరులో పెళ్లి డెకరేషన్ షాపులో పని చేస్తాడు. కామమ్మ వదినకి ఎండ తగులుతోందని తేల్చి షామియానా వేయించాడు. షామియానా కనబడేసరికి జనం వచ్చారు. జనం వచ్చారు కాబట్టి వనజాక్షి ఉప్మా వండింది. ఉప్మా ఉందని చెప్పడానికి మైకు తెచ్చారు, మైకు ఊరికే ఉండకూడదని కమిటీ వేశారు. ముఖ్య అతిథి లేకుండా ఎలాగని కమిటీ అడిగింది. చేపలు కొనడానికి ఐసు పెట్టెతో వచ్చిన వ్యాపారి ఒకాయన దొరికితే ఆయనకే శాలువా కప్పారు. చేపలేవని ఆయన అడిగితే, ఆయన హాస్యప్రియులని మైకులో పొగిడారు.

రంగు ఎప్పుడో ఆరిపోయింది. ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు.

చివరికి కామమ్మ లేచి, గిన్నెతో సహా నడిచి వెళ్లి, పడవ అంచు మీద చెయ్యి వేసి తమ్ముడి వంక చూసింది. ఎక్కాలనుందేమో అన్నాడు గణేష్. ఎక్కించడమంటే ఉత్తినే ఎక్కిస్తారా, కుర్చీ వేయాలి. కుర్చీకి చోటు లేదు. అడ్డమున్నవి దించమని గంగాధరం కేకేశాడు, కమిటీ దించేసింది. వద్దు వద్దని కామమ్మ రెండు చేతులూ ఊపుతుంటే, ఆమెకి మొహమాటం ఎక్కువని గణేష్ మైకులో వివరించి, ఆ మైకు సిలార్‌కిచ్చి తానూ పడవెక్కాడు.

కమిటీ నెడితే పడవ కదిలింది. అలలు దాటాక గంగాధరం ఇంజను ఆపి, సముద్రానికి దణ్ణం పెట్టుకున్నాడు.

"వల అందుకోరా గణేషా."

"వల యాడుండాది బావా? వదిన కుర్చీకి చోటు లేదని నువ్వే గదా దించమన్నావు."

వల ఉండాల్సిన చోట కుర్చీ ఉంది. కుర్చీలో అక్క ఉంది. తొలి చేప కాసేపట్లో ఒడ్డుకు వస్తుందని మైకులో సిలార్ గొంతు వినిపిస్తూనే ఉంది. గంగాధరానికి ఏడుపొక్కటే తక్కువ. ఈసారి కూడా అక్క మాట దక్కలేదని అనిపించి ఆమె మొహం చూడలేక తల దించుకున్నాడు.

"ఏరా, నీకు బుద్ధెప్పుడొస్తాది?"

అది కామమ్మ గొంతే.

"పడవ ఎప్పుడు కదులుతాదా అని పొద్దున్నుంచీ చూస్తా ఉండా. నా పేరు రాసినారు, పందిలేసినారు, పాటలు పెట్టినారు. పులుసు కాచి, మామిడికాయ ముక్కలేసి, మోసుకోని వచ్చినా. అందులోకి ఒక్క చేప. ఒక్కటంటే ఒక్కటి. అప్పుడు ఓణీ, ఇప్పుడు వలా?"

ఆమె ఆగలేదు. రెండేళ్ల బాకీ అంతా అక్కడే తీర్చుకుంది.

"బావా, తిడతా ఉండాది, పోదాం పద," అన్నాడు గణేష్.

"నువ్వుండరా, మాట్లాడతా ఉండాది," అన్నాడు గంగాధరం కళ్లు తుడుచుకుంటూ.

ఒడ్డున ముఖ్య అతిథి ఐసు పెట్టెతో ఎదురొచ్చి పడవలోకి తొంగి చూశాడు. ఆయనకి కుర్చీ కనబడింది. శాలువా మడిచి కమిటీకి ఇచ్చేసి వెళ్లిపోయాడు.

మర్నాడు తెల్లవారకముందే గంగాధరం ఎవరికీ చెప్పకుండా పడవలో వల వేసుకుని వెళ్లి, ఓ మోస్తరు వంజరం చేప తెచ్చి అక్క రెండు చేతుల్లో పెట్టాడు. కామమ్మ దాన్ని చూసి, తమ్ముణ్ణి చూసి, తల నిమిరింది. పులుసు మళ్లీ కాచింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. కామమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. ఎదుటి గోడ వంక చూస్తూ ఉండిపోయింది. వనజాక్షి ముద్ద కంచంలో పెట్టేసింది. గోడ మీద ఎవరి పేరు లేదా అని వెతికింది. గణేష్ సిలార్‌కి ఫోను కలిపాడు.

గంగాధరం ఆ ఫోను లాక్కుని పక్కన పెట్టాడు.

"ఏం గావాలక్కా?"

"ఉప్పు," అంది కామమ్మ.