కారే కిటికీ కేసు

"ఈ ఊళ్ళో నేరం చేసినవాడు దాక్కోవడానికి మూడే మూడు చోట్లున్నాయి. ఆ మూడూ నాకు తెలుసు!"

అక్క ఇంటి గుమ్మంలో నిలబడి, మెడదాకా బొత్తాలు పెట్టుకున్న కోటులో చెమటలు కక్కుతూ ఈ ప్రకటన చేసినవాడు సామాన్యుడు కాదు. పగలు జిరాక్సు షాపు, మిగతా టైములో అపరాధ పరిశోధన. షాపులో లామినేషన్ మిషను ఉంది కాబట్టి 'మేధావి డిటెక్టివ్' అని కార్డు కొట్టించుకుని, దాన్ని రెండుసార్లు లామినేట్ చేసుకున్నాడు. ఇప్పుడది విసిరితే తగిలిన కోడి చస్తుంది.

"నాలుగో చోట దాక్కుంటేనో?" అంది టీచరమ్మ, దిద్దుతున్న లెక్కల పేపర్లోంచి తలెత్తకుండా.

"అలా దాక్కోకూడదక్కా. కేసేంటో చెప్పు."

చెప్పకుండా ఉండాల్సిందని టీచరమ్మకి తర్వాత చాలాసార్లు అనిపించింది. కానీ మొగుడు ఓడలో వంటవాడు, ఆర్నెల్లకోసారి ఒడ్డుకొచ్చే మనిషి. ఇంట్లో ఉన్నది తనూ, అత్తగారూ. సాయంత్రం నాలుగింటికి కిటికీల కంపెనీ సూపర్‌వైజర్ వస్తున్నాడు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికితే చాలంటారు. ఆవిడకి తమ్ముడు దొరికాడు.

సంగతి ఇది. రెండు నెలల కింద మేడ మీద ముందు గదికి చెదపట్టిన చెక్క కిటికీ పీకించి, తెల్లటి కొత్త కిటికీ పెట్టించారు. తుంటి ఎముక విరిగి మంచం పట్టిన అత్తగారికి ఆ కిటికీయే లోకం. ఏ బస్సు కండక్టరు ఎవరితో గొడవ పడ్డాడో, ఎదురు మేడ మీది ఆవిడ కొత్త చెప్పులు ఎన్నాళ్ళకి తెగాయో ఆవిడకి తెలియాల్సిందే. కొత్త కిటికీ వచ్చాక మొదటి వాన కురిసింది. వానంతా మంచంలోకే వచ్చింది. మంచాన్ని వెనక గదిలోకి జరిపారు. అక్కడ ఆవిడకి కనిపించేది బీరువా ఒక్కటే. బీరువా ఎవరితోనూ గొడవ పడదు.

గ్యారంటీ ఉంది కదా అని పిలిస్తే సూపర్‌వైజర్ వచ్చి, మోకాళ్ళ నొప్పులని నిచ్చెన ఎక్కకుండా గదిలో నిలబడే "గోడ పాతదండీ, చెమ్మ పీలుస్తోంది" అని తేల్చేశాడు. రెండోసారి పిలిస్తే ఇంకో మెట్టు ఎక్కి, రిపోర్టులో ఇలా రాశాడు: 'మంచం మీది వృద్ధురాలి చేయి వణుకుట వలన మంచినీళ్ళు ఒలికి గది తడియుచున్నది.'

ఆ ముక్క చదివినప్పటి నుంచి అత్తగారు అన్నం సరిగ్గా తినడం లేదు. ఆవిడ ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రిలో కాంపౌండరు. చుక్క ఎక్కువా తక్కువా కాకుండా మందులు కొలిచి పోసిన చెయ్యి అది. ఇవాళ సూపర్‌వైజర్ మూడోసారి కూడా 'లోపం లేదు' అని రాస్తే గ్యారంటీ మూసేస్తారు. కిటికీ అలాగే కారుతుంది, ఆ వాక్యం అలాగే నిలిచిపోతుంది.

"కిటికీ పోతే పోయింది," అంది ఆవిడ పొద్దున, బీరువా వైపే చూస్తూ. "నా చెయ్యి వణుకుతుందని కాగితం మీద రాశాడే, అమ్మాయ్."

టీచరమ్మకి ఆ మాట గుండెలో గుచ్చుకుంది.

డిటెక్టివ్‌కి మాత్రం ఇవేవీ గుచ్చుకోలేదు. వాడు నేరుగా ముందు గదిలోకి వెళ్ళి, నేల మీద ఆరని మడుగులో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"నేననుకున్నదే. ఇవి నీళ్ళు!"

"అబ్బ," అంది టీచరమ్మ.

"మామూలు నీళ్ళు కాదు. బయటి నుంచి వచ్చిన నీళ్ళు! అక్కా, ఇది ఇంటి దొంగల పని కాదు."

తర్వాత నిచ్చెన కావాలన్నాడు. పెరట్లోంచి తెచ్చి గోడకి ఆనించి పైకెక్కి, కిటికీని బయటి నుంచి భూతద్దంతో పరీక్షించాడు. పది నిమిషాల్లో అక్కణ్ణుంచి ఒక కేక.

"అక్కా! ఫ్రేముకి పై భాగంలో రెండు సన్నటి రంధ్రాలు! రహస్య కెమెరాలకి తప్ప ఇంకెందుకు? నీ లెక్కల పరీక్ష పేపరు ఎవరో దొంగిలిస్తున్నారు!"

"పేపరు స్కూల్లో ఉందిరా. దిగు."

"ఆగాగు. రంధ్రాల పక్కనే బాణం గుర్తు! కిందికి చూపిస్తోంది! అంటే ముఠావాళ్ళు సరుకు కింద పాతిపెట్టారన్నమాట!"

పక్కింటి పిల్లి అప్పటికే కిటికీ బయటి గట్టు మీద కూర్చుని ఈ పరిశోధనని శ్రద్ధగా గమనిస్తోంది. ఫోనుతో కిటికీని నాలుగు ఫోటోలు తీసి, "అనుమానితురాలు" అంటూ పిల్లిని కూడా అందులోనే ఇరికించి, డిటెక్టివ్ ఉత్సాహంగా కిందికి దిగబోయాడు. మూడో మెట్టు విరిగింది. దాంతోపాటు రెండోదీ, ఒకటోదీ విరిగాయి. ఎలాగూ కింద పడ్డాను కదా అని కిటికీ కింది మట్టిని అరగంట తవ్వాడు. కొండని తవ్వితే ఎలుకైనా దొరుకుతుందంటారు, వాడికి దొరికింది పాత టూత్‌బ్రష్. దాన్ని కవరులో వేసి, "సాక్ష్యాలు సిద్ధం చేసుకొస్తా" అని కుంటుకుంటూ షాపుకి పరిగెత్తాడు.

టీచరమ్మ విరిగిన నిచ్చెనని చూసింది. కందకి లేని దురద కత్తిపీటకెందుకని వాణ్ణి తిట్టుకుంది, పిలిచింది తనే అని గుర్తొచ్చి తనని కూడా తిట్టుకుంది. నిచ్చెన ఎక్కి బయటి నుంచి చూడమని సూపర్‌వైజర్‌తో పట్టుబట్టాలని ఆవిడ అనుకున్న ఒక్క మార్గం కూడా మూసుకుపోయింది.

నాలుగింటికి సూపర్‌వైజర్ వచ్చాడు. సన్నటి మీసం, చేతిలో ప్యాడ్, మొహంలో తొందర. వెనకే డిటెక్టివ్ ఆయాసపడుతూ, వేడివేడి లామినేటెడ్ షీటుతో దిగాడు. టీచరమ్మ అత్తగారిని చక్రాల కుర్చీలో ముందు గదిలోకి తోసుకొచ్చింది. నా మీద రాసేది నా ముందే రాయమను అని ఆవిడ పట్టు.

"ఈసారి బయటి నుంచి చూడండి సార్," అంది టీచరమ్మ.

"నిచ్చెన ఉందా?"

టీచరమ్మ తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు సీలింగు వైపు చూశాడు.

"నిచ్చెనెందుకు?" అన్నాడు డిటెక్టివ్ తేరుకుని. "ఫోటో ఉంది! లామినేషన్ చేసిన సాక్ష్యం తడవదు, చిరగదు, బుకాయించదు. చూడండి ఆ రంధ్రాలు! చూడండి ఆ బాణం!"

మోకాళ్ళ నొప్పి మనిషికి ఫోటో దొరికితే అంతకన్నా కావాల్సిందేముంది. సూపర్‌వైజర్ షీటు అందుకుని చూశాడు, పెదవి విరిచాడు.

"ఇంత చక్కగా బిగించిన కిటికీ మీద కంప్లయింటా! చూడమ్మా, ఫ్రేములో చేరిన వాన నీళ్ళు బయటికి పోవడానికే ఈ రంధ్రాలు. కింద ఉండాలి, కిందే ఉన్నాయి. 'ఈ వైపు పైకి' అని చెప్పే బాణం పైకి ఉండాలి, పైకే ఉంది. ఇంకేం కావాలి?" అని గడగడా రిపోర్టు రాసి, 'నీటి రంధ్రాలు కింద, బాణం పైకి, ఫిట్టింగు సక్రమం' కింద సంతకం గిలికి, కాపీ చింపి టీచరమ్మ చేతికిచ్చాడు.

టీచరమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయిపోయింది. అత్తగారి మొహం చూడాలంటేనే భయమేసింది.

అత్తగారు మాత్రం షీటు లాక్కుని, కళ్ళజోడు పైకి తోసి చూస్తోంది. "అమ్మాయ్," అంది మెల్లగా, "ఈ పిల్లేమిటి, బల్లిలా వేలాడుతోంది?"

టీచరమ్మ వంగి చూసింది. ఫోటోలో పక్కింటి పిల్లి కిటికీ పైనుంచి, నాలుగు కాళ్ళూ ఆకాశానికి ఆనించి, తోక కిందికి వదిలి, నిశ్చింతగా కూర్చుని ఉంది. తమ్ముడు తొందరలో 'సాక్ష్యం' అన్న శీర్షిక కింద ఫోటోని తలకిందులుగా అంటించి లామినేషన్ చేశాడు.

టీచరమ్మ షీటు అందుకుంది. పిల్లలు లెక్క తప్పు చేసినప్పుడు ఏ గొంతుతో అడుగుతుందో, ఆ గొంతే తెచ్చుకుంది.

"సార్, తెలియకడుగుతాను. ఒకవేళ ఆ రంధ్రాలు పైనా, బాణం కిందికీ ఉంటేనో?"

సూపర్‌వైజర్ పకపకా నవ్వాడు. "అంటే కిటికీని తలకిందులుగా బిగించినట్టు! నీళ్ళన్నీ కింది గాడిలో నిండి ఇంట్లోకే పొర్లుతాయి. అలా బిగించే వెధవ ఎవడమ్మా?"

"మీ వాడేనండీ," అని టీచరమ్మ షీటుని తిప్పి ఆయన ముందు పెట్టింది.

పిల్లి బుద్ధిగా గట్టు మీద కూర్చుంది. రంధ్రాలు పైకెక్కాయి. బాణం కిందికి దిగింది. సూపర్‌వైజర్ మొహం మాడిపోయింది. ప్యాడ్ వైపు చెయ్యి చాచాడు కానీ, ఆయన సంతకంతో ఉన్న కాపీ అప్పటికే అత్తగారి ఒళ్ళో భద్రంగా ఉంది.

"రేపు పొద్దున్నే ఫిట్టర్‌ని పంపిస్తానమ్మా. పీకి సరిగ్గా పెడతాడు," అన్నాడు గొంతు తగ్గించి.

"కిటికీ రేపు," అంది అత్తగారు. "నా చెయ్యి ఇవాళ. ఆ పాత రిపోర్టు తియ్యి."

తీశాడు. ఆవిడ పెన్ను అడిగి పుచ్చుకుని, వృద్ధురాలి చెయ్యి వణుకుతుందన్న వాక్యం మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఒక గీత గీసింది. స్కేలు పెట్టి గీసినా అంత తిన్నగా రాదు. దాని కింద సూపర్‌వైజర్ చేత మళ్ళీ సంతకం పెట్టించింది. టీచరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు ఫిట్టర్ వచ్చి, తిట్లు తిని, కిటికీని తిప్పి బిగించాడు. మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. గదిలో చుక్క పడలేదు. మంచం మళ్ళీ కిటికీ పక్కకి చేరింది. అత్తగారు రెండు నెలల వీధి వార్తలు బాకీ ఉన్నట్టు కళ్ళప్పగించి చూస్తోంది.

డిటెక్టివ్ కోటు సర్దుకుంటూ వచ్చాడు. "చూశారా అత్తయ్యగారూ! ఒక్క రోజులో కేసు ఛేదించాను. ఇంతకీ నేరస్థుడు పిల్లేనంటారా?"

ఆవిడ వీధి మీంచి చూపు తిప్పి వాణ్ణి ఆపాదమస్తకం ప్రేమగా చూసింది.

"నాయనా," అంది, "నీకు కాస్త బుర్రే ఉండుంటే, ఈ కిటికీ ఈ జన్మలో బాగుపడేది కాదు."

ఆ మాటని వాడు కాగితం మీద రాయించుకుని వెళ్ళాడు, లామినేషన్‌కి.