రెండు సీట్ల కారు, యాభై కిలోల గంట

ఆ రెండో శనివారానికి విద్యాసాగర్‌రావు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం నాలుగింటిదాకా కారు మీద కప్పిన దుప్పట్లు తియ్యకూడదు. కారును ఎవరూ ముట్టకూడదు. వీలైతే ఎవరూ చూడకూడదు కూడా. నాలుగింటికి హైదరాబాద్ నుంచి డాక్టర్ కరుణాకర్‌రావు వస్తాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి చూస్తాడు. దాని మీద ఎక్కడా గీత కనబడకపోతే కారు అమ్ముతాడు, కనబడితే వెనక్కు తీసుకుపోతాడు.

కొంటామని వచ్చిన ముగ్గురిని డాక్టరు అప్పటికే తిప్పి పంపాడు. వాళ్లలో ఒకాయన చేసిన పాపమల్లా కిటికీ మీద మోచేయి ఆనించడం. ఎనిమిదేళ్ల కింద ఇంగ్లండు నుంచి ఓడలో తెచ్చుకున్న ఆ తెల్ల దట్సన్‌ను ఆయన ఇష్టపడి అమ్మడం లేదు. ఇద్దరు పిల్లలు పుట్టాక నలుగురు మనుషులు రెండు సీట్లలో పట్టక అమ్ముతున్నాడు. గురువారం సందెవేళ తానే నడుపుకుంటూ కరీంనగర్ వచ్చి, విద్యాసాగర్‌రావు ఇంటి వెనక రేకుల షెడ్డులో దాన్ని నిలిపాడు. "రెండు దినాలు నీ దగ్గర ఉంచుతున్న. ఎట్ల సూసుకుంటవో సూస్త" అని చెప్పి రిక్షా ఎక్కాడు. పిల్లను అత్తారింట్లో దింపిన తండ్రిలాగా, మలుపు తిరిగేదాకా వెనక్కే చూస్తూ పోయాడు.

విద్యాసాగర్‌రావు కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. చెబుతున్నాడని కాలేజీవాళ్లు అనుకుంటారు. అరవై తొమ్మిదిలో చంద్రుడి మీద మనిషి దిగాడని ఎవరైనా అంటే ఆయన విసుక్కుంటాడు. ఆ సంవత్సరం జరిగిన అసలు సంగతి జపాన్‌లో దట్సన్ 240 జెడ్ బయటికి రావడం.

"అప్పటిదాక స్పోర్ట్స్ కారంటె లార్డుల ఆటబొమ్మ" అని మొదలుపెడతాడు. "నెల జీతం మీద బతికేటోడు గూడ గాలిలెక్క ఉరకాలని ఎవలకన్న తోచిందా? జపానోళ్లకు తోచింది. ఆరు సిలిండర్లు, పొడుగు ముక్కు, ఇంగ్లీషోళ్ల బండికంటె అగ్గువ. పైంగ పొద్దుగాల తాళంచెవి తిప్పుతె మారాం చెయ్యకుండ స్టార్టయితది. ఆఫ్రికల మట్టి రోడ్ల మీద దినాలకు దినాలు నడిచే రేసుల గూడ గెలిచింది, ఎరికేనా?"

ఎరిక కాకపోయే వీలు లేదు. కిందటేడు గమన నియమాల మీద ప్రశ్న ఇస్తే తొమ్మిదిమంది ఆఫ్రికా రేసు గురించి రాశారు. ఆయన వాళ్లకు మంచి మార్కులే వేశాడు. పత్రికలోంచి కత్తిరించిన ఆ కారు బొమ్మ పద్నాలుగేళ్లుగా బీరువా తలుపు లోపలివైపు అంటించి ఉంది. ఇప్పుడు ఆ కారే వచ్చి షెడ్డులో కూర్చుంది. గురువారం నుంచి ఆయనకు అన్నం దిగడం లేదు.

అయితే కరీంనగర్ జిల్లాలో దట్సన్ పేరు తెలియనిది ఎవరికి? ఊరికి పదిమంది గల్ఫ్‌కు పోయి వచ్చినవాళ్లే, అక్కడ దట్సన్‌లో తిరిగినవాళ్లే. కాకపోతే వాళ్లు తిరిగింది వెనక పెద్ద తొట్టి ఉండే పికప్ బండిలో. సిమెంటు బస్తాలనూ మనుషులనూ తేడా చూపకుండా మోసే బండి అది. అదే పేరుతో రెండు సీట్ల షోకు బండి కూడా ఉంటుందని వాళ్లకెవరూ చెప్పలేదు. అందుకని శుక్రవారం బోరింగు దగ్గర విద్యాసాగర్‌రావు భార్య మనోరమ "మా ఇంటికి దట్సనొచ్చింది" అని నోరు జారగానే, అబుదాబీలో ఆరేళ్లు పికప్ నడిపి వచ్చిన ఎదురింటి హనుమండ్లు లెక్క కట్టేశాడు.

"దట్సనైతె పదహారు మంది అల్కగ కూసుంటరు" అన్నాడు.

ఆ మాట వాడ చివరి కమలవ్వ చెవిన పడింది. కొడుకుకు టైఫాయిడు తగ్గితే కొండగట్టు అంజన్నకు యాభై కిలోల కంచుగంట కట్టిస్తానని ఆమె మొక్కుకుంది. కొడుకు లేచి తిరుగుతున్నాడు. గంట మాత్రం ఎనిమిది నెలలుగా ఇంట్లోనే ఉంది, ఎందుకంటే బస్సు కండక్టరు దాన్ని రెండుసార్లు దింపేశాడు. కమలవ్వ వచ్చి చేతులు పట్టుకుని అడిగితే మనోరమకు కాదనడానికి నోరు రాలేదు. భర్తతో చెప్పడానికి కూడా రాలేదు. ఆయన షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు మరి.

శనివారం పొద్దున ఏడింటికి గేటు చప్పుడైంది. గంటను కర్రకు కట్టి నలుగురు మోసుకొస్తున్నారు. ముందు తలంటుకుని, మొహం నిండా పసుపు రాసుకున్న కమలవ్వ. వెనక వంటపాత్రలతో మిగతావాళ్లు. మొత్తం పదకొండు మంది. విద్యాసాగర్‌రావు కుర్చీలోంచి లేచేలోపే హనుమండ్లు, అలవాటున్నవాడిలా, దుప్పట్లు లాగేశాడు.

అందరూ కారును చూశారు. హనుమండ్లు వెనక్కి వెళ్లి చూసి, వంగి చూసి, ముందుకొచ్చాడు.

"సారు, తొట్టేది?"

"తొట్టి ఉండది హనుమండ్లు. గిది స్పోర్ట్స్ కారు."

"తొట్టి లేని దట్సన్ ఉండది సారు. నేను ఆరేండ్లు నడిపిన." గొంతు తగ్గించాడు. "గా డాక్టరు తొట్టి కోసుకోని, మీకు ముంగటి తలకాయ ఇచ్చిండు. మీరు సదువుకున్నోళ్లు, గట్లెట్ల మోసపోయిండ్రు?"

పదకొండు మందీ జాలిగా చూశారు. విద్యాసాగర్‌రావుకు కోపం వచ్చింది, అంతకన్నా ఎక్కువ భయం వేసింది. పాత్రలు మోసేవాడొకడు అప్పటికే బిందెను బానెట్ మీద దించబోతున్నాడు.

"జర సమజ్ చేసుకోండ్రి. గిండ్ల ఇద్దరే కూసునేది. మీరు బస్సుకు పోండ్రి" అన్నాడు.

కమలవ్వ గొంతు పెంచలేదు. "బస్సోడు గంటను ఎక్కించుకోడు సారు. రెండుసార్లు వాపసొచ్చింది. మూడోసారి గడప దాటిన మొక్కు మల్ల ఇంట్లకు రావద్దు. గీ గేటుకాన్నే దించిపోత. ఇగ గా మొక్కు మీ ఇంటిదైతది."

మనోరమ మొహం పాలిపోయింది. "వద్దండి. ఒగలి మొక్కు మన మీదికెందుకు, తీస్కపోదాం" అంది.

"గింత బరువు మోసే బండి కాదు మనోరమా."

"గదేంది సారు" అన్నాడు హనుమండ్లు. "ఆఫ్రిక అడివిల మట్టి తొవ్వల మీద గెలిచిన బండని మీరే చెప్పిండ్రు గద. కొండగట్టు తొవ్వ ఆఫ్రికకంటె అధ్వాన్నమా?"

పద్నాలుగేళ్లుగా తాను చెబుతున్న చరిత్ర తన మెడకే చుట్టుకుంటుందని ఆయన అనుకోలేదు. బేరం మీద బేరం జరిగి ఒప్పందం కుదిరింది. గంట, గంటతోపాటు కమలవ్వ, ఎవరూ కారును ముట్టకుండా చూడడానికి మనోరమ. మిగతా పదిమంది బస్సుకు. పన్నెండింటికల్లా తిరిగి వచ్చి, కారు కడిగి, దుప్పట్లు కప్పేస్తే డాక్టరుకు ఏమీ తెలియదు.

వెనక అద్దం తలుపు ఎత్తి, పరుపు వేసి, గంటను పెట్టారు. దాని పక్కన కమలవ్వ కాళ్లు ముడుచుకుని కూర్చుంది. కారు వెనక భాగం నేల వైపు దిగింది. విద్యాసాగర్‌రావు గుండె కూడా దానితోపాటే దిగింది.

గంటకు రెండు వందల కిలోమీటర్లు ఉరకగల కారు పదిహేను మీద నడిచింది. గుంత కనబడితే ఆపి, ఆయన దిగి, లోతు చూసి, మళ్లీ ఎక్కేవాడు. బస్సు దాటిపోయింది. కిటికీలోంచి హనుమండ్లు చెయ్యి ఊపాడు. కాసేపటికి ఎడ్లబండి కూడా దాటిపోయింది. ఎంత మెల్లగా నడిపినా గంట నాలుక కొట్టుకుంటూనే ఉంది. కారు ఖంగున మోగినప్పుడల్లా దారిన పోయేవాళ్లు తిరిగి చూశారు. అద్దం వెనక పసుపు మొహంతో, పెద్ద బొట్టుతో, భయానికి కళ్లు మూసుకుని చేతులు జోడించిన ముసలమ్మ కనబడింది. గంగాధర చౌరస్తాలో ఇద్దరు ఆడవాళ్లు చెప్పులు విడిచి దండం పెట్టారు.

"గదేందండి, మనకు మొక్కుతున్నరు" అంది మనోరమ.

"మొక్కనియ్యి. ముట్టకపోతె సాలు."

సరిగ్గా అదే సమయానికి డాక్టర్ కరుణాకర్‌రావు విద్యాసాగర్‌రావు ఇంటి గేటు ముందు నిలబడి ఉన్నాడు. సాయంత్రందాకా ఆగలేక తెల్లవారుజాము బస్సుకే వచ్చేశాడు. ఇంటి వెనక్కి పోయి చూస్తే షెడ్డులో దుప్పట్లు ఉన్నాయి, కింద కారు లేదు. వీధి మలుపులో స్కూటర్లు బాగుచేసే చాంద్‌పాషా పొద్దున గేటులోకి పోయిన గుంపును చూశాడు కానీ, అందులో పదిమంది బస్సెక్కడం చూడలేదు.

"కొండగట్టుకు పోయిండ్రు డాక్టర్ సాబ్" అన్నాడు మర్యాదగా. "ఫికర్ చెయ్యకుండ్రి. పదకొండు మందే. ఒక గంట, కొన్ని బోళ్లు, గంతే."

డాక్టరు అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు. నీళ్లు తాగాక తన నాడి తానే చూసుకున్నాడు. తరవాత టాక్సీ మాట్లాడుకున్నాడు.

గుట్ట మీద శనివారం జనం కిటకిటలాడుతున్నారు. ముందే చేరిన హనుమండ్లు ఊరుకోలేదు. దట్సన్‌లో మొక్కు వస్తుందని, ఆ బండి ఆఫ్రికాలో గెలిచిందని, దాని తొట్టి పోయినా అంజన్న దయవల్ల నడుస్తుందని కనబడ్డవాడికల్లా చెప్పాడు. కారు మలుపు తిరిగి ఖంగుమనగానే జనం దారిచ్చారు. తరవాత చుట్టుముట్టారు. ఒకామె పొడుగాటి బానెట్ నిండా పసుపు రాసింది. ఇంకొకామె కుంకుమ బొట్లు పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పడ్డాయి. బంతిపూల దండ అద్దాన్ని మూసేసింది. విద్యాసాగర్‌రావుకు బయట ఏం జరుగుతోందో చెవులకే తెలుస్తోంది.

"ముట్టకుండ్రి, మీకు దండం పెడుత, ముట్టకుండ్రి" అని లోపలినుంచి అరిచాడు. సారు మంత్రం చదువుతున్నాడనుకుని బయటివాళ్లు ఇంకా దగ్గరికి జరిగారు. అప్పుడొక భక్తుడు, రాయి కనబడక, ముందు బంపర్ మీదే కొబ్బరికాయ కొట్టాడు. కాయ పగల్లేదు. రెండోసారి గట్టిగా కొట్టాడు. అది జారి పక్కన రేకు మీద పడింది.

విద్యాసాగర్‌రావు దిగి చూశాడు. హెడ్‌లైటు పక్కన రూపాయి బిళ్లంత సొట్ట. వేలు తడిచేసి రుద్దాడు. సొట్ట రుద్దితే పోదని ఫిజిక్స్ చెప్పేవాడికి తెలియదా? అయినా రుద్దుతూనే ఉన్నాడు. ఏడుపు వచ్చింది. పద్నాలుగేళ్ల కల చేతిదాకా వచ్చి కొబ్బరికాయతో పోయింది. తల ఎత్తేసరికి టాక్సీ తలుపు పక్కన డాక్టర్ కరుణాకర్‌రావు నిలబడి ఉన్నాడు.

డాక్టరు కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. పసుపు చూశాడు. కుంకుమ చూశాడు. సొట్ట దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. వెనక అద్దం దగ్గరికి పోయేసరికి లోపలినుంచి కమలవ్వ, "బిడ్డా, కాలు తిమ్మిరెక్కింది, జర గుంజు" అంది. ఆయన డాక్టరు కాబట్టి ముందు ఆమెను బయటికి తీసి, కింద కూర్చుని, పిక్క మర్దన చేశాడు. అప్పటికి గంట మోసే నలుగురూ దాన్ని దింపి మెట్లవైపు తీసుకుపోయారు.

"డాక్టర్ సాబ్, తప్పు నాదే. తాళాలు తీసుకోండ్రి" అన్నాడు విద్యాసాగర్‌రావు.

డాక్టరు తాళాలు తీసుకోలేదు. మెట్టు మీద చతికిలబడ్డాడు.

"ఎనిమిదేండ్లు, విద్యాసాగర్" అన్నాడు. "ఒక్క గీత పడనియ్యలే. దీన్ని బయట నిలపాల్సొస్తదని ఎవల పెండ్లికి పోలే. వాన సప్పుడైతె పేషెంటును బల్ల మీద ఇడిసిపెట్టి ఉరికిన. కూడలిల సైకిలోడు దగ్గరికొస్తె నాకు బీపీ పెరిగేది. మొదటి సొట్ట ఎప్పుడు పడుతదో, ఎప్పుడు పడుతదో అని బతికిన." సొట్ట వైపు చెయ్యి చూపాడు. "ఇయ్యాల పడ్డది. సూసిన. నాకేం గాలే."

"అంటే..."

"అంటే బండి నీదే. కాయిదాలు పంపిస్త."

డాక్టరు ఎవరో ఇచ్చిన పులిహోర విస్తరి చేత్తో పట్టుకుని టాక్సీలో కూర్చున్నాడు. తింటూ పోయాడు. ఈసారి ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. మెట్ల పైన గంట మోగింది, కమలవ్వ మొక్కు తీరింది. విద్యాసాగర్‌రావు కారు మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు.

హనుమండ్లు చేతులు నులుముకుంటూ వచ్చాడు. "ఇగ బండి మనదేనాయె సారు. పోయేటప్పుడు అందరం గిండ్లనే పోదామా? పైన నలుగురం కూసుంటం."

"ఎవలు ముట్టకుండ్రి" అన్నాడు విద్యాసాగర్‌రావు. ఆ గొంతు విని మనోరమ ఉలిక్కిపడింది. ఆయన అప్పటికే చొక్కా విప్పి, బనీనుతో నిలబడి, చొక్కాతో కుంకుమ తుడుస్తున్నాడు.

"డాక్టర్ గారు పోయిండ్రు గద, ఇంక పరేషానెందుకండి?"

"గప్పుడు డాక్టర్ గారి బండి మనోరమా. గిప్పుడు మనది."

సోమవారం పొద్దున విద్యాసాగర్‌రావు కాలేజీకి నడిచే పోయాడు. రోడ్డు మీద దుమ్ము ఎక్కువగా ఉందట.